వరుసలో మొదటి పేరు

మరిది కాదనలేదు. కోడలికి అన్నిటికన్నా అసహ్యం వేసింది అందుకే.

నిన్న సాయంత్రం నుంచి ఆమె ఆ ప్రశ్నను నోట్లో పెట్టుకుని తిరుగుతోంది. అతను తడబడతాడనీ, ఎవరో తన పాస్‌వర్డ్ కాజేశారని బొంకుతాడనీ అనుకుంది. అలా బొంకితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది. అతను మాత్రం బ్రెడ్డు ముక్కను టీలో ముంచి, నోట్లో పెట్టుకుని, తాపీగా నమిలి మింగి, "నేనే మార్చాను వదినా," అన్నాడు.

గడ్డం మీదికి టీ చుక్క ఒకటి జారింది. తుడుచుకోలేదు.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. లోపల అత్తగారున్నారు. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి వెళ్ళి, డయాలసిస్ యంత్రం పక్కన నాలుగేసి గంటలు పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వచ్చే మనిషి. ఈ రోజు ఆ మూడింటిలో ఒకటి. ఆవిడ బయటికి వచ్చేలోపు ఈ మాటలు అయిపోవాలి.

భర్త కిటికీ దగ్గర చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. తమ్ముడి మాట చెవిన పడ్డాక కూడా ఇస్త్రీపెట్టె ఆగలేదు. కాలర్ చివరిదాకా వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆ చెయ్యి ఆగకపోవడం చూశాక కోడలికి రెండో సంగతి కూడా అర్థమైంది.

"మీకు ముందే తెలుసు," అంది.

భర్త పెట్టెను నిలబెట్టి తీగ పీకాడు. మొన్ననే తెలిసిందన్నాడు. నీకు చెప్తే ఇదిగో, ఇలా అవుతుందనే చెప్పలేదన్నాడు.

ఆ ఆసుపత్రిలో సర్వర్ల బాధ్యత కోడలిది. అక్కడే చేరికల విభాగంలో రోగుల వివరాలు టైపు చేసే పని మరిదిది. రెండేళ్ళ కిందట అతని దరఖాస్తును స్వయంగా పట్టుకెళ్ళి, 'మా మరిది, బుద్ధిమంతుడు' అని చెప్పి ఇచ్చింది ఆమే. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదెక్కుతోంది.

మూడు వారాల కిందట, సర్వర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినవాళ్ళ నుంచి హెచ్చరిక వచ్చింది. అందులో ఒక లోపం బయటపడింది. సర్వర్‌లో మామూలు ఖాతా ఉన్న ఏ ఉద్యోగైనా సరే, చిన్న ప్రోగ్రాం ఒకటి నడిపితే మొత్తం సర్వర్‌కి యజమాని అయిపోవచ్చు. ఎవరి ఫైలైనా చూడొచ్చు, ఏ అంకెనైనా మార్చొచ్చు. ఆ రోజు భోజనాల దగ్గర ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి చెప్పింది కోడలే. దిద్దుబాటు కూడా వెంటనే వచ్చేసిందనీ, అది పెట్టి సర్వర్‌ను ఒకసారి ఆపి లేపడానికి పైఆఫీసరు ఒప్పుకోవడం లేదనీ విసుక్కుంది. వార్డు ఊడ్చే మనిషి తెల్లకోటు తగిలించుకోగానే పెద్ద డాక్టరనుకుని అందరూ లేచి నిలబడటం లాంటిదని చెప్తే, అత్తగారు పొలమారేలా నవ్వారు.

"అంటే, నా ఖాతాతో కూడానా?" అని మరిది అడిగాడు.

"నీ ఖాతాతో కూడా," అంది తను, గిన్నె అందిస్తూ.

నిన్న మధ్యాహ్నం, ఆ లోపాన్ని ఇప్పటికే ఎవరైనా వాడుకున్నారేమోనన్న అనుమానంతో ఆమె సర్వర్ లాగ్‌లు తిరగేసింది. లోపల ఎవరు ఎప్పుడు ఏం చేశారో సర్వర్ తనంతట తాను రాసుకునే వివరాలవి. నాలుగు రోజుల కిందటి భోజన విరామం దగ్గర మరిది ఖాతా కనిపించింది. ఒంటిగంటా ఇరవైకి మామూలు ఖాతా. ఒంటిగంటా ఇరవై ఒకటికి యజమాని. పోయిన వారం దాచిన బ్యాకప్‌తో పోల్చి చూసింది. అంత పెద్ద ఆసుపత్రిలో, ఎవరి సంతకమూ లేకుండా మారింది ఒక్కటే అంకె. మూత్రపిండం కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో అత్తగారి పేరు నమోదైన సంవత్సరం. అది మూడేళ్ళు వెనక్కి జరిగింది.

తన రక్తపు గ్రూపు వరుసలో రెండో పేరుగా ఉన్న అత్తగారు మొదటి పేరయ్యారు.

"ఒక్క అంకే వదినా," అంటున్నాడు మరిది. ఇంకెవరి జోలికీ పోలేదనీ, ఇంకో ఫైలు తెరిచి కూడా చూడలేదనీ చెప్పుకొచ్చాడు. ఆ చెప్పే తీరు చూస్తే మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"నువ్వు కిందికి తోసిన మొదటి పేరు ఎవరిదో తెలుసా?"

"తెలుసు. బస్సాయనది."

స్కూలు బస్సు నడిపే మనిషి. వార్డులో అందరూ బస్సాయన అనే పిలుస్తారు. అత్తగారి పక్క మంచమే అతనిది. ఆవిడకి చలి పుట్టిందంటే తన దుప్పటి తీసి నర్సు చేతికిస్తాడు. పోయిన నెల ఆవిడకి రక్తపోటు పడిపోయి మాట రాకపోతే, అందరికంటే ముందు చూసి కేకేసింది అతనే. ఆ సంగతి ఇంటికి వచ్చి కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది ఈ మరిదే.

"ఆయన ఇంకా గట్టిగానే ఉన్నాడు," అన్నాడు మరిది. "అమ్మ అన్నాళ్ళు ఆగలేదు."

భర్త గొంతు తగ్గించి అందుకున్నాడు. ఎవరినీ చంపలేదు కదా అన్నాడు. బస్సాయనకి తర్వాతది వస్తుందన్నాడు. ఆ తర్వాతది ఎప్పుడు వస్తుందని కోడలు అడిగింది. ఈ గ్రూపులో కిందటిది వచ్చి పదకొండు నెలలైందని వాళ్ళిద్దరికీ తెలుసు. మరిది కప్పులోకి చూశాడు. చల్లారిన టీ మీద తెట్టు కట్టింది. వేలితో ఆ తెట్టును పక్కకి తీసి, మిగిలింది తాగేశాడు.

నీళ్ళ చప్పుడు ఆగింది. ముగ్గురూ నోళ్ళు కుట్టేసుకున్నారు.

అత్తగారు తలకి తువ్వాలు చుట్టుకుని, గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చారు. ముగ్గురి మొహాలూ వరుసగా చూసి, "ఎవరైనా పోయారా ఏంటి? నేనింకా ఇక్కడే ఉన్నానే," అన్నారు.

మరిది నవ్వాడు. భర్త కూడా నవ్వాడు. రెండు నవ్వులూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి.

ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ ముంజేయి తుడిచింది. సూదులు గుచ్చే చోట నరం వేలి లావున ఉబ్బి ఉంటుంది. చెయ్యి ఆనిస్తే లోపల ఏదో గుర్రుమంటున్నట్టు తెలుస్తుంది. ఆ చెయ్యి తనకి కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో, కోడలు ఉద్యోగానికి వెళ్తే ఇల్లెవరు చూస్తారని చుట్టాలు దీర్ఘాలు తీసినప్పుడు, 'వంట నేను చేస్తా, తినేది మేము, మధ్యలో మీకేం నొప్పి' అని వాళ్ళ నోళ్ళు మూయించింది ఈవిడే. ఈవిడకి గనక ఈ సంగతి తెలిస్తే కొడుకులిద్దరి చెంపలూ వాచిపోతాయి. ఆ నమ్మకం ఒక్కటే కోడలికి పొద్దుటినుంచి కాస్త ఊరటగా ఉంది.

ఈ జబ్బుకి నీళ్ళు కొలిచి తాగాలని చెప్పినా బస్సాయన మరీ ఎక్కువ తాగేస్తున్నాడనీ, ఈ రోజు వెళ్ళగానే నాలుగు చివాట్లు పెట్టాలనీ అత్తగారు చెప్తున్నారు.

మెట్ల మీద భర్త ఆమె వెనకాలే దిగాడు. కింది వాటా వాళ్ళ చెత్తబుట్ట పొంగిపొర్లి, మెట్ల మొదట్లో పుల్లగా కంపు కొడుతోంది. అక్కడే ఆపాడు.

"ఈ రోజు ఆ దిద్దుబాటేదో పెట్టేయ్. వద్దని ఎవరూ అనట్లేదు, నీ ఉద్యోగం నువ్వు చేసుకో. ఆ తేదీ జోలికి మాత్రం వెళ్ళకు."

ఆ మాటలోని అసలు సంగతి తలకెక్కడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. తమవాడు దూరేశాడు కాబట్టి ఇక తలుపు మూసెయ్యమంటున్నాడు. ఇంకెవరి తమ్ముడూ ఇంకెవరి తల్లి కోసమూ అందులోంచి రాకుండా. ఆ మూసే పని భార్య చేతుల మీదుగానే జరగాలంటున్నాడు.

"మీరేం అడుగుతున్నారో మీకు తెలుస్తోందా?"

"అమ్మ బతకాలని అడుగుతున్నాను."

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొంగ నీళ్ళు కావు. కాకపోవడమే ఆమెకు మరీ దుర్భరంగా తోచింది. బుట్ట మీంచి లేచిన ఈగ ఒకటి అతని చొక్కా కాలర్ మీద వాలింది. తోలాలని కూడా అనిపించక ఆమె రోడ్డు మీదికి నడిచింది.

పైఆఫీసరుకు సిబ్బంది పెట్టుకున్న పేరు వాయిదా సారు. ఆమె వెళ్ళేసరికి ఆయన స్కూటరు తాళంచెవితో చెవి గెలుక్కుంటున్నాడు. బయటికి తీసి చూసుకుని, ప్యాంటుకి రాసుకుని, అదే చేత్తో ఆమె ఇచ్చిన కాగితాలు అందుకున్నాడు.

ఏమీ దాచకుండా చెప్పింది. లోపాన్ని ఒకరు వాడుకున్నారనీ, మూత్రపిండాల జాబితాలో తేదీ మార్చారనీ, ఆ మార్చినవాడు తన మరిదేననీ, లాభం తన అత్తగారికేననీ.

ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. ఎవరికి అన్యాయం జరిగిందని అడుగుతాడనుకుంది. ఆయన అడిగింది ఈ సంగతి ఎంతమందికి తెలుసని. మూడు వారాల్లో ఆమె మూడుసార్లు అనుమతి అడిగింది. ఒకసారి తనిఖీ ఉందని, ఒకసారి సోమవారం రద్దీ అని, ఒకసారి ఊరికే 'చూద్దాం' అని మూడుసార్లూ సంతకం పెట్టి వాయిదా వేసింది ఆయనే. మూడు వారాల్లో రాని అనుమతి ఇప్పుడు మూడు నిమిషాల్లో వచ్చింది.

"దిద్దుబాటు పెట్టండి. ఆ తేదీ కూడా మీరే వెనక్కి తిప్పేయండి, మీ చేతిలో పనే కదా," అన్నాడు. "రాతలో మాత్రం ఏమీ వద్దమ్మా."

జాబితాలో అంకె మార్చే అధికారం తనకి లేదని ఆమె చెప్పింది. జాబితా చూసే పెద్దనర్సూ, డాక్టరూ ఇద్దరూ సంతకం పెడితేనే మారాలి.

"మీ మరిదికి ఉందా అధికారం?" అని నవ్వాడాయన. ఆ నవ్వు అయ్యాక గొంతు మెత్తబరిచి, "మీ ఇంటి పరువు కోసమే చెప్తున్నాను," అన్నాడు.

కాగితాలు తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. పై కాగితం అంచున పసుపుపచ్చగా ఏదో అంటుకుని ఉంది. ఆమె కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతులదాకా సబ్బుతో కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది.

సర్వర్ గది మెట్ల కింద ఉంటుంది. ఎప్పుడూ చలి, ఎప్పుడూ తడిసిన గోనెసంచి వాసన. అక్కడి నుంచి ఒక్కొక్క కౌంటరుకీ ఫోన్ చేసి, పదకొండు గంటల నుంచి నలభై నిమిషాలు అన్నీ కాగితం మీదే రాసుకోవాలని చెప్పింది. చేరికలవాళ్ళు సణిగారు. మందుల కౌంటరు వాళ్ళు ఇంతకుముందే చెప్పొచ్చు కదా అన్నారు.

ముందుగా మొత్తానికీ ఒక బ్యాకప్ తీసి పక్కన పెట్టింది. మరిది ఫోల్డర్‌లో దొరికిన ప్రోగ్రాంని, పరీక్షల కోసం ఉంచుకున్న మామూలు ఖాతాతో ఒకసారి నడిపి చూసింది. రెప్పపాటులో తెర మీద యజమాని గుర్తు వచ్చి నిలబడింది. అంత సులువు. దానికి తెలివి కూడా అక్కర్లేదు, సిగ్గు లేకపోతే చాలు.

తర్వాత దిద్దిన కెర్నెల్‌ను ఎక్కించింది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటిదది, లోపం ఉన్నది అందులోనే. ఎక్కించడం అయ్యాక సర్వర్‌ను ఆపింది. పంకాల హోరు తగ్గి తగ్గి ఆగిపోయింది. నాలుగేళ్ళుగా ఆ గదిలో పని చేస్తున్నా అంత నిశ్శబ్దం ఆమె ఎరగదు. మళ్ళీ లేపింది. నల్లటి తెర మీద తెల్లటి వరసలు ఒకదాని కింద ఒకటి జారుకుంటూ వచ్చాయి. పదకొండు నిమిషాలు కుర్చీ అంచున కూర్చుని వాటినే చూసింది.

అదే ప్రోగ్రాం, అదే మామూలు ఖాతా. ఈసారి 'అనుమతి లేదు' అని వచ్చింది.

మూడు వారాల భయం తీరినట్టే. అయినా ఆమె లేవలేదు. లోపాన్ని పూడిస్తే కొత్తగా ఎవరూ రాలేరు గానీ, ముందే వచ్చి వెళ్ళినవాడు లోపల ఏం వదిలాడో దిద్దుబాటు చూడదు. అది మనిషే వెతకాలి. యజమాని అధికారంతో నడిచే ఫైళ్ళన్నిటినీ వరసబెట్టి చూసుకుంటూ వెళ్ళింది.

ఒకటి దొరికింది. మరిది సొంత ఫోల్డర్‌లోనే, మామూలుగా చూస్తే కనబడకుండా, చుక్కతో మొదలయ్యే పేరుతో. అది ఉంటే లోపం ఉన్నా లేకపోయినా అతను ఎప్పుడు కావాలంటే అప్పుడు యజమాని అవుతాడు. మారు తాళంచెవి. తేదీ మార్చిన రెండు నిమిషాలకే చేయించుకున్నాడు.

దాన్ని వాడాడు కూడా. మర్నాడూ, ఆ మర్నాడూ. రెండుసార్లూ తెరిచింది ఒకే ఫైలు. బస్సాయన పరీక్షల ఫలితాలు.

'ఆయన ఇంకా గట్టిగానే ఉన్నాడు' అన్న మాట ఊహించి అన్నది కాదు. ఒక మనిషి ఇంకెన్నాళ్ళు లాగుతాడో చూసుకుని, లెక్క వేసుకుని అన్నది. ఆ చేత్తోనే పొద్దున బ్రెడ్డు ముంచుకు తిన్నాడు. కోడలు ఆ ఫైలు తెరవలేదు. తెరిచే పని తనది కాదు.

దొంగ ఫైలుకి నకలు తీసి సాక్ష్యం కోసం దాచి, అసలుది తీసేసింది. మరిది ఖాతాకు తాళం వేసింది. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"వదినా, నా ఖాతా పనిచెయ్యట్లేదు."

"తెలుసు," అని పెట్టేసింది.

జాబితా తెర మీదే ఉంది. ఇప్పుడు యజమాని తనే. అత్తగారి వరుసలో ఒక్క అంకె కొట్టి ఒక్క మీట నొక్కితే అంతా యథాస్థానం. ఎవరూ అడగరు. వాయిదా సారు సంతోషిస్తాడు, మరిది ఉద్యోగం నిలుస్తుంది, ఇంట్లో రెండు రోజులు మూతులు బిగించుకుని తర్వాత మామూలవుతారు. ఆమె వేలు అంకెల వరుస దాకా వెళ్ళింది. ఎవరూ చూడకుండా తనకి లేని అధికారంతో అంకె మార్చడం. మరిది చేసింది కూడా ఇదే. ఆమె తెర మూసేసి కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. తేదీ, సమయం, ఖాతా ఎవరిది, ఏ అంకె మారింది, ఏ ఫైలు తెరిచారు, అనుమతి ఎన్నిసార్లు వాయిదా పడింది. ఒక పేజీ వచ్చింది. కింద సంతకం పెట్టి, మడిచి పట్టుకుని మూడో అంతస్తుకు వెళ్ళింది.

డయాలసిస్ వార్డులో ఎప్పుడూ ఉండే పుల్లటి మందు వాసన. పెద్దనర్సు బల్ల దగ్గర లేదు. అత్తగారి మంచం పక్కనే నిలబడి, కోడలిని చూడగానే రమ్మని చెయ్యి ఊపింది. నర్సు మొహం వెలిగిపోతోంది.

ఇంకో ఆసుపత్రి నుంచి కబురొచ్చిందట. ప్రమాదంలో పోయిన మనిషి, ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు, గ్రూపు సరిపోయింది. పొద్దున పది గంటలకి తీసిన జాబితాలో మొదటి పేరు అత్తగారిది. నాలుగు గంటలకల్లా ఆపరేషన్ మొదలవ్వాలి. సంతకం పెడితే మిగతా పరీక్షలకి పంపిస్తామంటోంది. కోడలి భర్తకి కూడా అప్పుడే ఫోన్ చేసి చెప్పేసిందట.

పక్క మంచం మీంచి బస్సాయన, సూదులు లేని చెయ్యి చాపి అత్తగారి వేళ్ళు తాకుతూ, "మా అమ్మకి వచ్చేసింది, ఇక నాకు చివాట్లు పెట్టేవాళ్ళు లేరు," అంటున్నాడు. మొహం ఉబ్బి, కళ్ళ కింద నల్లగా ఉంది. నవ్వు మాత్రం నిండుగా ఉంది.

అత్తగారు నవ్వట్లేదు. కోడలినే చూస్తున్నారు. నర్సును ఒక్క పది నిమిషాలు ఆగమని పంపించి, కోడలిని స్టూలు దగ్గరికి లాక్కోమన్నారు.

"ఈ అబ్బాయి నాకంటే రెండేళ్ళ ముందు నుంచి వస్తున్నాడు. నేనెలా ముందయ్యాను?"

కోడలు వంగి ఆవిడ చెవిలో అంతా చెప్పింది. పెద్ద కొడుకు మెట్ల దగ్గర అన్నదీ, చిన్న కొడుకు తెరిచి చూసిన ఫైలూ, ఏదీ వదల్లేదు. యంత్రం చప్పుడులో పక్క మంచానికి వినపడే వీల్లేదు. పొద్దుటినుంచి కొండంత అనిపించిన విషయం చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

అత్తగారు కప్పు వైపు చూస్తూ పడుకున్నారు. గొట్టంలో రక్తం ఎర్రగా తిరుగుతోంది. తిట్లు మొదలవుతాయని కోడలు కాచుకుని కూర్చుంది. ఆ తిట్లు వింటే ప్రాణం తెరిపిన పడుతుందని కూడా అనుకుంది.

"ఆ అబ్బాయికి తెలుసా?"

"తెలీదు అత్తయ్యా."

"నర్సుకి?"

"ఇంకా చెప్పలేదు."

అత్తగారు పక్క మంచం వైపు ఒకసారి చూశారు. తర్వాత ఆవిడ కుడిచెయ్యి చాపి, "సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు," అన్నారు.

తప్పుగా విన్నానేమో అనుకుంది కోడలు. ఆవిడ మళ్ళీ అదే మాట అన్నారు.

"అత్తయ్యా."

"నాకు బతకాలనుంది అమ్మాయ్."

కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. దాహమేస్తోందని చెప్పినట్టు చెప్పారు. పొద్దుటినుంచి కోడలు పట్టుకుని వేలాడుతున్న కొమ్మ ఈవిడ మీది నమ్మకం. అది పుచ్చిపోయిందని ఇప్పుడు తెలిసింది.

అత్తగారి కళ్ళు ఆమె చేతిలో మడత కాగితం మీద ఉన్నాయి. "అందులో చిన్నోడి పేరు రాశావా?"

"రాశాను."

"ఆ లోపం సంగతి వాడి ఎదురుగా చెప్పింది నువ్వు. నీ పేరు రాశావా?"

రాయలేదు. రాయకూడదని అనుకోలేదు, మరిచిపోనూ లేదు. వాయిదా సారు మూడు సంతకాలూ గుర్తుపెట్టుకుని రాసిన చెయ్యి, తన నోటి తొందర దగ్గరికి వచ్చేసరికి పక్కనుంచి వెళ్ళిపోయింది. మూతి తుడుచుకుని ఎదుటివాళ్ళని అసహ్యించుకుంటూ తిరిగిందన్నమాట ఇంతసేపూ. కాగితం మోకాలి మీద పరిచి, సంతకం కింద మిగిలిన చోట రెండు వాక్యాలు చేర్చింది. భోజనాల దగ్గర ఆ లోపం గురించి మరిదికి తెలిసేలా మాట్లాడింది తనేనని.

ఆమె రాయడం పూర్తయ్యేదాకా అత్తగారు చూశారు. అయ్యాక ఆ పెన్నే తీసుకుని, నర్సు వదిలి వెళ్ళిన ఆపరేషన్ అంగీకార పత్రం మీద సంతకం పెట్టారు. అక్షరాలు వణకలేదు.

పెద్దనర్సు వచ్చింది. కోడలు రెండు కాగితాలూ ఆవిడ చేతిలో పెట్టింది.

నర్సు మొదటిది చూసి తలాడించింది. రెండోది చదువుతూ సగంలో ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. ఎవరినీ ఏమీ అడగలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి, బీరువాలోంచి పాత నమోదు కాగితాలు తీయించి, అత్తగారు మొదటి రోజు స్వయంగా పెట్టిన సంతకం పక్కన తేదీ చూసుకుంది. డాక్టరుకి ఫోన్ చేసి చాలాసేపు మెల్లగా మాట్లాడింది. గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. తిరిగి వచ్చి అత్తగారి మంచం దాటి, పక్క మంచం దగ్గర ఆగింది.

"పొద్దుటినుంచి ఏమైనా తిన్నారా?"

రెండు బిస్కెట్లు తిన్నానన్నాడు బస్సాయన. ఎందుకని అడిగాడు.

"ఇంకేమీ తినకండి. నీళ్ళు కూడా వద్దు. వరుసలో మీరే ముందు."

అతనికి అర్థం కాలేదు. నర్సు మొహంలోకి చూశాడు. ఆమె చేతిలో అత్తగారి సంతకం ఉన్న కాగితం చూశాడు. అత్తగారి వైపు తిరిగాడు. అప్పుడు అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాడు. పెదవులు అదిరాయి.

"వద్దన్నారా అమ్మా? నా కోసమా?"

కోడలు అత్తగారి మొహంలోకి చూసింది. నర్సు కూడా అటే చూసింది. కాదని ఒక్క మాట చాలు. మిగతాది తర్వాత చెప్పుకోవచ్చు.

అత్తగారు చెయ్యి చాపి అతని చెయ్యి అందుకున్నారు.

"నీకు చిన్నపిల్లలున్నారు కదా నాయనా," అన్నారు. "నాదేముంది."

అతను ఆ చేతిని కళ్ళకి అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎదుటి మంచాల మీదివాళ్ళు తలలెత్తి చూశారు. ఎవరో మెల్లగా చప్పట్లు కొట్టారు. ఇంకొకరు కలిశారు. అత్తగారు అతని తల నిమురుతూ, ఆ తల మీదుగా కోడలి కళ్ళల్లోకి చూశారు. రెప్ప వెయ్యలేదు.

కోడలి నోట్లో పుల్లటి నీళ్ళు ఊరాయి. మింగింది.

నర్సు ఆమె పక్కకి జరిగి, మడత కాగితాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ చెవిలో అడిగింది.

"ఆయనకి అసలు సంగతి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"